పాత కథల్లో స్వరం, శిల్పం, నీతి: తరచుగా అడిగే ప్రశ్నలు

కథ చదువుతున్నంతసేపూ బాగానే ఉంటుంది. చివర్లో "రచయిత స్వరం ఎలాంటిది? శిల్పవిశేషాలు పేర్కొనుము. ఇందులోని నీతి ఏమి?" అని కనబడగానే టెన్షన్ మొదలవుతుంది. విద్యార్థులు, కథల మీద కొత్తగా రాస్తున్నవాళ్లు, కథలు పాఠంగా చెప్పే టీచర్లు మళ్లీమళ్లీ అడిగే ప్రశ్నలివి. శిల్పం అంటే ఇక్కడ కథ చెప్పడానికి రచయిత వాడే పద్ధతులు. ఉదాహరణలన్నీ చాలామంది ఎక్కడో ఒకచోట చదివిన పాత కథల్లోవే. ముగింపులు బయటపెట్టకుండా ఈ పని కాదు కాబట్టి, చదవని కథ పేరు కనబడితే ముందు అది చదువుకుని రండి.

అసలు స్వరం అంటే ఏమిటి?

కథ చెబుతున్న గొంతుకి ఆ విషయం మీద, ఆ మనుషుల మీద, వింటున్న మన మీద ఉన్న వైఖరి. ఎగతాళి, జాలి, విసుగు, ముద్దు, నిర్లిప్తత, ఏదైనా కావచ్చు. "వాడొచ్చాడు" అన్న మాటని కొడుకు కోసం ఎదురుచూస్తున్న తల్లి ఒకలా అంటుంది, అప్పు తీర్చలేక తలుపు చాటున నిలబడ్డ మనిషి ఇంకోలా అంటాడు. నోటితో అంటే తేడా చెవికే తెలిసిపోతుంది. కాగితం మీద ఆ తేడాని మాటల ఎంపిక చూపిస్తుంది. వాక్యాల పొడవు చూపిస్తుంది. దేని దగ్గర ఆగి, దేన్ని ఒక్క ముక్కలో దాటేశారన్నది అన్నిటికన్నా ఎక్కువగా చూపిస్తుంది.

స్వరం, మూడ్ ఒకటేనా?

కాదు. స్వరం కథ చెప్పేవాళ్లది, మూడ్ చదివేవాళ్లలో పుట్టేది. రెండూ ఒకేలా ఉండాలని లేదు. షర్లీ జాక్సన్ 1948లో రాసిన 'ది లాటరీ' చూడండి. జూన్ 27, ఎండ కాసిన ఉదయం, పూలు విరగబూసి ఉన్నాయి, గడ్డి పచ్చగా ఉంది. ఊరివాళ్లు మైదానంలో చేరి పంటల గురించి, పన్నుల గురించి మాట్లాడుకుంటున్నారు. పిల్లలు రాళ్లు పోగేస్తున్నారు. ఊళ్లో ఏటా జరిగే ఒక కార్యక్రమం గురించి చెబుతున్నట్టు, ఎక్కడా తొణక్కుండా కథ సాగుతుంది. లాటరీలో పేరు వచ్చిన మనిషిని ఆ రాళ్లతోనే కొట్టి చంపుతారని తెలిసేసరికి చివరికి వచ్చేసి ఉంటాం. స్వరం చివరిదాకా ప్రశాంతంగానే ఉంటుంది. భయం మనకే. కథకుడు కూడా మనతోపాటు వణికిపోయి ఉంటే ఆ భయం సగానికి పడిపోయేది.

సరే, స్వరాన్ని పట్టుకోవడం ఎలా? నాకు ఎప్పుడూ "విషాదస్వరం" తప్ప ఇంకోటి తట్టదు.

కథలో జరిగింది విషాదం కాబట్టి స్వరమూ విషాదమే అనుకోవడం వల్ల వచ్చే చిక్కు ఇది. సంఘటనని పక్కన పెట్టి, ఆ సంఘటన చెప్పిన వాక్యాన్ని చూడండి.

చెహోవ్ 1886లో రాసిన 'వాంకా'లో తొమ్మిదేళ్ల కుర్రాడు చెప్పులు కుట్టే యజమాని దగ్గర పనికి కుదిరి, క్రిస్మస్ ముందురాత్రి దొంగచాటుగా తాతకి ఉత్తరం రాస్తాడు. యజమానురాలు చేపని శుభ్రం చెయ్యమంటే వీడు తోక వైపు నుంచి మొదలుపెట్టాడట. ఆవిడ ఆ చేపనే లాక్కుని దాని మూతితో వీడి మొహం మీద పొడిచిందట. అంతే రాస్తాడు. "అయ్యో, నాకెంత అవమానం" అని ఉండదు. "పాపం ఆ పసివాడు" అని కథకుడూ అనడు. తోక వైపు నుంచి మొదలుపెట్టడం అనే చిన్న వివరం మాత్రం ఉంది. తప్పెక్కడ జరిగిందో పిల్లాడు బుద్ధిగా లెక్క చెబుతున్నాడు. దెబ్బకన్నా ఆ బుద్ధిమంతపు సంజాయిషీయే ఎక్కువ బాధపెడుతుంది.

దీని గురించి "విషాదస్వరం" అని రాస్తే తప్పని అనను గానీ ఏమీ చెప్పినట్టు కాదు. "కథకుడు జాలి చూపించకుండా పిల్లాడి అమాయకపు మాటని అడ్డులేకుండా వదిలేశాడు, జాలిపడే పని మనకి అప్పగించాడు" అని రాస్తే స్వరం గురించి మాట్లాడినట్టు.

పని జరిగే చిట్కా ఒకటి ఉంది. మీకు గుచ్చుకున్న వాక్యాన్ని తీసుకుని అందులో ఒక మాట మార్చి చూడండి. "ఆ దుర్మార్గురాలు చేప మూతితో పొడిచింది" అని పెట్టి చదవండి. ఏం పోయిందో అదే స్వరం.

కథ చెబుతున్నవాడు రచయితే కదా?

కాదు, చాలా కథల్లో అసలే కాదు. ఎడ్గర్ అలన్ పో 1843లో అచ్చయిన 'ది టెల్ టేల్ హార్ట్'లో హత్య చేసినవాడే కథ చెబుతాడు. తనకి పిచ్చి లేదని మొదటి నుంచీ వాదిస్తాడు. రుజువేమిటంటే, తను చంపిన ముసలాయన గదిలోకి తల పెట్టడానికి గంటసేపు పట్టేంత నెమ్మదిగా, ఎంతో జాగ్రత్తగా చేశాడట. పిచ్చివాడు ఇంత తెలివిగా చేయగలడా అని మననే అడుగుతాడు. ఆ రుజువే వాడిని పట్టిస్తోంది. ఇక్కడ రెండు స్వరాలున్నాయి: కథకుడిది ధీమా, రచయితది ఆ ధీమాని దూరం నుంచి చూస్తున్న చూపు. ఇలాంటి కథకుడిని నమ్మదగని కథకుడు అంటాం.

ఉత్తమ పురుషలో, అంటే "నేను" అని చెప్పే ప్రతి కథకుడూ అబద్ధాలకోరని కాదు. రవీంద్రనాథ్ ఠాగూర్ 'కాబూలీవాలా'లో మినీ తండ్రి చెప్పేదాన్ని నమ్మొచ్చు. అయితే అతను తండ్రి కాబట్టే, కాబూలీవాలా రహమత్ దాచుకున్న మడతలు పడ్డ కాగితం మీద మసితో తీసిన అతని కూతురి చిన్న చేతిముద్ర చూడగానే, అతనిలో ఇంకో తండ్రి కనబడ్డాడు. ఎవరు చెబుతున్నారు, అతనికి ఏది కనబడుతుంది, ఏది కనబడదు అని అడగండి. మూడో ప్రశ్నకి వచ్చే జవాబు తరచుగా కథకే తాళంచెవి.

వ్యంగ్యం అంటే వెటకారమేనా? ఎన్ని రకాలు?

వెటకారం అందులో ఒక చిన్న భాగం. పాఠాల్లో మూడు రకాలు చెబుతారు, ఆ మూడూ పనికొస్తాయి.

మాట ఒకటి, భావం ఇంకోటి అయితే మాటలోని వ్యంగ్యం. దీనికి మన పాత ఉదాహరణకన్నా మంచిది నాకు దొరకలేదు. హాలుడి పేరున ఉన్న ప్రాకృత పద్యాల సంకలనం గాథాసప్తశతిలోది. గోదావరి ఒడ్డున పొదల్లో ప్రియుణ్ణి కలుసుకునే ఒకామెకి, పూలు కోసుకోవడానికి అటే వచ్చే ధార్మికుడు అడ్డంగా ఉన్నాడు. ఆయనకి ఆమె చెప్పే కబురు ఇది: స్వామీ, ఇక నిర్భయంగా తిరగండి, మిమ్మల్ని భయపెట్టే ఆ కుక్కని ఒడ్డు పొదల్లో ఉంటున్న సింహం చంపేసింది. మాట చూస్తే రమ్మంటోంది. కుక్కకే భయపడే మనిషి సింహం ఉందని తెలిశాక అటు వస్తాడా? ధ్వని (పైకి చెప్పకుండా స్ఫురింపజేసే అర్థం) గురించి చెప్పేటప్పుడు ఆలంకారికులు, అంటే కావ్యశాస్త్రం రాసినవాళ్లు, ఈ గాథనే ముందు పెట్టుకుంటారు. స్వరం అంటే ఏమిటో ఈ ఒక్క గాథతో చెప్పేయొచ్చని నా నమ్మకం. రమ్మన్న మాటలో వద్దన్న గొంతు వినబడితే పాఠం అయిపోయినట్టే.

అనుకున్నదానికి తలకిందులుగా జరిగితే సన్నివేశంలోని వ్యంగ్యం. మొపాసా 'ది నెక్లెస్' దీనికి పేరుమోసింది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

పాత్రకి తెలియనిది మనకి తెలిస్తే నాటకీయ వ్యంగ్యం. వాంకా ఉత్తరం పూర్తిచేసి, కవరు మీద "పల్లెటూళ్లో ఉన్న తాతకి" అని రాస్తాడు. కాసేపు ఆలోచించి తాత పేరు కూడా చేరుస్తాడు. ఊరి పేరు లేదు. పోస్టు డబ్బాలో వేసి, నిశ్చింతగా నిద్రపోయి, తాత ఉత్తరం చదువుతున్నట్టు కల కంటాడు. ఉత్తరం చేరదని కథకుడు ఎక్కడా చెప్పడు.

కేట్ షోపాన్ 1894 నాటి 'ది స్టోరీ ఆఫ్ ఆన్ అవర్'లో ఇవి కలిసిపోతాయి. భర్త పోయాడన్న వార్త విని, గదిలో ఒంటరిగా కూర్చుని, ఇక తన బతుకు తనదే అని ఊపిరి పీల్చుకున్న ఆమె, ఆ భర్త గుమ్మంలో నిలబడేసరికి కుప్పకూలి చనిపోతుంది. పట్టలేని సంతోషంతో గుండె ఆగిందని డాక్టర్లు తేలుస్తారు. ఆ గదిలో ఏం జరిగిందో చూసినవాళ్లం మనమే. ఏ పెట్టెలో వెయ్యాలా అని ఇక్కడ కొట్టుకోకండి. ఎవరికి ఏం తెలుసు అన్నది రాస్తే చాలు.

ఉపమ, రూపకం, అతిశయోక్తి అని కనబడినవన్నీ జాబితాగా రాస్తే సరిపోదా?

సరిపోదు. జాబితా రాయడానికి కథ చదవక్కర్లేదు, వెతికితే చాలు. ఫలానా చోట ఉపమ ఉంది అన్నది వాక్యంలో సగమే. అది లేకపోతే ఏం తగ్గేది అన్నది మిగతా సగం. ఆ సగం రాయలేకపోతే ఆ ఉపమని వదిలేసి ముందుకి పోండి. ఒక కథలో రెండు శిల్పవిశేషాల గురించి లోతుగా రాసిన వ్యాసం, పది పేర్లు గుదిగుచ్చిన వ్యాసం కన్నా ఎప్పుడూ మేలే.

కథలో ప్రతి వస్తువూ ప్రతీకేనా? కర్టెన్ నీలంగా ఉంటే దానికీ అర్థం ఉండాలా?

అక్కర్లేదు. కర్టెన్ చాలాసార్లు కర్టెనే. వస్తువు ప్రతీక అయిందని కథే మనకి చెబుతుంది. అది మళ్లీమళ్లీ వస్తుంది, లేదా కథ మలుపు దాని మీదే తిరుగుతుంది, లేదా పాత్రలు దానితో మామూలుకన్నా వేరుగా మసలుకుంటాయి.

ప్రేమ్‌చంద్ 'ఈద్గా' (1933) ఈ విషయంలో చాలా ఉదారమైన కథ, అన్నీ దగ్గరుండి చూపిస్తుంది. హమీద్ జేబులో మూడు పైసలే ఉన్నాయి. తోటిపిల్లలు సిపాయి, నీళ్లు మోసే భిస్తీ, వకీలు లాంటి మట్టిబొమ్మలు కొన్నారు, మిఠాయిలు తిన్నారు. రొట్టెలు కాల్చేటప్పుడు అవ్వ అమీనా వేళ్లు కాలుతున్నాయని గుర్తొచ్చి వీడు ఇనప పట్టకారు కొన్నాడు. అక్కడికి అది వంటింటి సామాను మాత్రమే. తర్వాత ఏం జరుగుతుందో గమనించండి. దాన్ని తుపాకిలా భుజాన పెట్టుకుంటాడు. మీ బొమ్మలన్నిటినీ నా పట్టకారు ఓడిస్తుందని వాదనకి దిగి గెలుస్తాడు. మట్టిబొమ్మలు ఇళ్లు చేరాక విరిగిపోతాయి. చివరికి పట్టకారు అవ్వ చేతికి చేరుతుంది. మొదట తిట్టి, ఎందుకు కొన్నాడో విని, ఆమె ఏడుస్తుంది. వంటసామాను, ఆయుధం, వాదనలో గెలిచిన వీరుడు, ఆఖరికి ప్రేమ. మెట్టుమెట్టుగా బరువెక్కింది. ఆ మెట్లు చూపించకుండా "పట్టకారు ప్రేమకి ప్రతీక" అని ఒక్క ముక్క రాసేస్తే కథలో జరిగిన పనంతా పోతుంది.

ఇంకో సంగతి. అక్కడ హమీద్ ముసలివాడయ్యాడు, అమీనా పసిపిల్ల అయింది అని ప్రేమ్‌చందే అనేస్తాడు. అంత విప్పి చెప్పాలా అని నాకు ఎప్పుడూ ఒక చిన్న అసంతృప్తి. కాదనేవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్ల వాదనలోనూ బలముంది.

వర్షం, తుపాను, చీకటి లాంటివి శిల్పంలోకి వస్తాయా, వట్టి వర్ణనేనా?

కథ నుంచి తీసేసి చూడండి. తీసేసినా కథ నిలబడితే వర్ణన. పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన'లోంచి గాలివాన తీసేయగలమా? 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకున్న కథ అది. నియమాలు, విలువలు అని బతుకంతా ఒక చట్రంలో బిగించుకున్న పెద్దమనిషి, మామూలు రోజున పక్కన నిలబడనివ్వని ముష్టిమనిషి. ఇద్దరినీ ఒకచోటికి తోసింది తుపానే. కప్పులు, చెట్లు కూలడం చదువుతూనే ఆయన లోపల ఏం కూలుతోందో మనకి తెలుస్తుంది. అక్కడ వాతావరణమే ఒక పాత్ర.

కొసమెరుపు పాఠకుణ్ణి మోసం చేయడం కాదా?

కొసమెరుపు అంటే చివర్లో కథని తిరగేసే మలుపు. ముందస్తు సూచనలు లేకపోతే మోసమే. ఉంటే కాదు. అందుకే కొసమెరుపు కథని రెండోసారి చదవాలి, రెండోసారే అది బాగుందో లేదో తేలుతుంది.

'ది నెక్లెస్' 1884లో వచ్చింది. గుమాస్తా భార్య మాథిల్డ్ విందుకోసం స్నేహితురాలి దగ్గర వజ్రాల హారం ఎరువు తెచ్చుకుని పోగొడుతుంది. అలాంటిదే 36,000 ఫ్రాంకులకి కొని ఇచ్చేసి, ఆ అప్పు తీర్చడానికి మొగుడూపెళ్లాలు పదేళ్లు గొడ్డుచాకిరీ చేస్తారు. ఆఖర్న తెలిసేది, ఆ హారం నకిలీదనీ, మహా అయితే 500 ఫ్రాంకులు చేస్తుందనీ.

ఇప్పుడు వెనక్కి వెళ్లండి. హారం పోయాక భార్యాభర్తలు పెట్టె మీద పేరున్న నగల వ్యాపారి దగ్గరికి వెళ్తారు. అతను లెక్కలు చూసి, హారం నేను అమ్మలేదు, పెట్టె మాత్రమే ఇచ్చి ఉంటాను అంటాడు. మొదటిసారి చదివినప్పుడు ఆ మాట మన కంటికి ఆనదు, వాళ్లతోపాటు కంగారులో ఉంటాం. అసలైన పెట్టె, అందులో వేరే ఎక్కడిదో హారం. నిజం ఆ దుకాణంలోనే చేతికి అందింది. హారం ఇవ్వమని అడిగినప్పుడు స్నేహితురాలు కాస్తయినా తటపటాయించలేదు. తిరిగి ఇచ్చినప్పుడు పెట్టె తెరిచి చూడనేలేదు. ఇన్ని చెప్పి దాచిన రచయితని మోసగాడు అనలేం.

'ది నెక్లెస్'కి నీతి "ఆశకి పోకూడదు" అని రాశాను. మార్కులు తగ్గాయి. ఏం తప్పు?

తప్పు కాదు, తొందర. ఆ నీతిని కథ చివరి పేజీ దగ్గర పెట్టి సరిపోతుందో లేదో చూశారా? పదేళ్ల తర్వాత, చేతులు కరుకెక్కి, పనిమనిషిలా మారిపోయిన మాథిల్డ్ పార్కులో స్నేహితురాలిని పలకరిస్తుంది. నీ హారానికి బదులు వేరేది కొనిచ్చాను, నువ్వు పోల్చుకోనేలేదు అని చెబుతూ నవ్వుతుంది. గర్వం, అమాయకత్వం కలిసిన సంతోషంతో నవ్విందంటాడు మొపాసా. ఆశపడినందుకు శిక్ష అనుభవించిన మనిషి నవ్వులా ఉందా అది? ఒకప్పుడు నగ చూసుకుని మురిసిపోయినావిడ, ఇప్పుడు అప్పు తీర్చానని మురిసిపోతోంది. సరిగ్గా ఆ క్షణంలో దెబ్బ తగులుతుంది.

ఇలా చూస్తే పోటీకి చాలా నీతులు వస్తాయి. పోగొట్టిన రోజే నిజం చెప్పి ఉంటే 500 ఫ్రాంకులతో పోయేది కాబట్టి, నిజం చెప్పమన్నది ఒకటి. బయటి మెరుపుని నమ్మొద్దన్నది ఒకటి. కథకుడు మధ్యలో ఒకచోట ఆగి, మనిషిని నిలబెట్టడానికైనా కూల్చడానికైనా ఎంత చిన్న విషయం చాలో అని ఆశ్చర్యపోతాడు. ఆ మాట పట్టుకుంటే కథ తప్పొప్పుల గురించే కాకుండా పోతుంది, కేవలం అదృష్టం గురించి అవుతుంది. నేనైతే ఈ చివరిదాని వైపే మొగ్గుతాను, ఎందుకంటే స్వరం దానికే సాక్ష్యమిస్తోంది. మాథిల్డ్‌ని కథకుడు కాస్త ఎగతాళి చేస్తాడు గానీ కోప్పడడు. తీర్పు చెప్పే గొంతు లేని కథలోంచి తీర్పులాంటి నీతి లాగితే అతుకు కనబడుతుంది.

నీతి, ఇతివృత్తం వేరువేరా?

వేరు. ఇతివృత్తం అంటే కథ దేని చుట్టూ ఆలోచిస్తోందో అది. 'వాంకా'లో ఒంటరితనం, దిక్కులేని బాల్యం. నీతి అంటే ఇలా ఉండు, అలా ఉండకు అని బతుకుకి చెప్పే సలహా. ప్రతి కథకీ ఇతివృత్తం ఉంటుంది, నీతి ఉండి తీరాలని లేదు. 'వాంకా' నీతి ఏమిటని అడిగితే "కవరు మీద పూర్తి అడ్రసు రాయవలెను" అనాల్సి వస్తుంది.

నీతికథల్లో నీతి చివర రాసే ఉంటుంది కదా. వాటిలో విశ్లేషించడానికేముంది?

చాలా ఉంది, పిల్లల కథలని వాటిని చులకన చేస్తాం గానీ. హితోపదేశంలోని ముసలి పులి కథ తీసుకోండి. చెరువు గట్టున స్నానం చేసి, చేతిలో దర్భలు పట్టుకుని, బంగారు కంకణం దానం చేస్తానని దారిన పోయేవాణ్ణి పిలుస్తుంది. నిన్ను నమ్మేదెలా అంటే ధర్మశాస్త్రాలు వల్లిస్తుంది: దానం ఎవరికి చెయ్యాలి, అహింస ఎంత గొప్పది. బాటసారి నమ్మి నీళ్లలో దిగి, బురదలో కూరుకుపోయి, పులికి ఆహారమైపోతాడు. లోభం చేటు అన్నది పైకి చెప్పే నీతి. కానీ కథలో సూక్తులన్నీ పలికింది ఎవరు? పులి. శ్లోకాలన్నీ నిజమే, పలికిన నోరే తేడా. నీతులు చెప్పే పుస్తకంలోనే, నీతులు చెప్పేవాణ్ణి చూసుకుని నమ్మమని ఒక కథ ఉంది.

అంతటితో అయిపోలేదు. ఈ కథని చిత్రగ్రీవుడనే పావురాల రాజు తన గుంపుకి చెబుతాడు. మనుషులు తిరగని అడవిలో నూకలెక్కడివి, దిగొద్దు అని హెచ్చరించడానికి. ఒక పావురం ఎదురు వాదిస్తుంది, గుంపంతా దిగుతుంది, వలలో పడుతుంది. నీతికథ విన్నవాళ్లు వెంటనే ఏం చేస్తారో కూడా ఆ పుస్తకం దాచలేదు. కథ లోపల కథ పెట్టే ఈ పద్ధతిని శిల్పం కింద రాయకపోతే మరి దేన్ని రాస్తాం?

నీతి సూటిగా చెప్పేస్తే కథ స్థాయి తగ్గుతుందంటారు. నిజమేనా?

ఎవరు చెబుతున్నారన్నదాన్ని బట్టి. 'మనిషికి ఎంత నేల కావాలి?' అని 1886లో టాల్‌స్టాయ్ రాసిన కథకి పేరే ప్రశ్న. వెయ్యి రూబుళ్లు కడితే పొద్దున్నుంచి సూర్యుడు గుంకేలోపు నడిచి చుట్టొచ్చినంత నేల సొంతం. పఖోమ్ ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ దూరం పోయి, గుండె పగిలేలా పరిగెత్తుకొచ్చి, గమ్యం ముట్టుకుని చచ్చిపోతాడు. తల నుంచి మడమల దాకా పట్టేంత గొయ్యి తవ్వి పూడుస్తారు. నీతి అరటిపండు ఒలిచి పెట్టినట్టే ఉంది. అయినా కథ చప్పబడదు, ఎందుకంటే చదువుతున్నంతసేపూ మన కన్ను సూర్యుడి మీదే ఉంటుంది. వెనక్కి తిరుగు అని మనం అనుకునే సమయానికి అక్కడో మంచి పల్లం కనబడుతుంది, అవిసె బాగా పండుతుందని వాడికి అనిపిస్తుంది. ఆ పల్లాన్ని మనమూ వదులుకోలేం.

గురజాడది ఇంకో దారి. 'దిద్దుబాటు' 1910లో ఆంధ్రభారతిలో వచ్చింది. భోగంమేళాల మోజులో అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరే భర్తని దారికి తేవడం విషయం. ఉపన్యాసం దంచడానికి బోలెడు చోటుంది. ఆయన మాత్రం ఒక ఉత్తరం, నౌకరుతో కొంత హాస్యం, మంచం కింద నుంచి భార్య నవ్వు పెట్టి ముగించాడు. సంస్కరణని నవ్వుతో చెప్పిన ఆ స్వరం గురించి రాయకుండా, "స్త్రీవిద్య ఆవశ్యకత" అని నీతి మాత్రం రాసే జవాబులు చూస్తే నాకు జాలేస్తుంది.

పాత కథలోని విలువలు ఇప్పుడు నచ్చకపోతే ఆ మాట రాయొచ్చా?

రాయండి. కాకపోతే ముందు ఆ విలువ ఎవరిదో తేల్చుకోండి: పాత్రదా, కథకుడిదా, రచయితదా, ఆ కాలానిదా. 'ది లాటరీ'లో ముసలి వార్నర్ ఆచారాన్ని వెనకేసుకొస్తాడని రచయిత్రి కూడా వెనకేసుకొచ్చిందనలేం. అయినా పత్రికలో ఆ కథ చదివి మండిపడుతూ ఉత్తరాలు రాసినవాళ్లు అప్పట్లోనే వందల్లో ఉన్నారు.

నా అర్థం టీచర్ చెప్పినదానికి వేరుగా ఉంది. ఎవరిది ఒప్పు?

కథలోంచి ఎక్కువ వాక్యాలు ఎవరి వైపు నిలబడితే వాళ్లది. ఇద్దరి వైపూ నిలబడితే ఇద్దరిదీ. ఏ వాక్యమూ లేకుండా "నాకలా అనిపించింది" అంటే అది మీ గురించి సమాచారం, కథ గురించి కాదు.

రాసేటప్పుడు ఏ వరసలో రాయాలి?

చాలామంది నీతితో మొదలుపెట్టి, దానికి సరిపోయే సంఘటనలు ఏరుకుంటారు. తిరగేసి చేయండి. ముందు మిమ్మల్ని ఆపిన ఒకటి రెండు వాక్యాలు పట్టుకోండి. వాటి స్వరం ఏమిటో రాయండి. ఆ స్వరాన్ని తెచ్చిపెట్టిన శిల్పం ఏదో, దృష్టికోణమో, వ్యంగ్యమో, చెప్పకుండా వదిలెయ్యడమో, చూపించండి. నీతి ఆఖర్న. అప్పుడు కూడా "ఈ కథ ఇలా చేయమంటోంది" అనే ముందు, "ఈ గొంతుకి ఇలా చేయమనే అలవాటుందా" అని ఒకసారి చూసుకోండి. ఇక కథాసారాంశానికి నాలుగైదు వాక్యాలు దాటనివ్వకండి. దిద్దేవాళ్లు ఆ కథ చదివే ఉంటారు.

చెహోవ్‌నీ మొపాసానీ అనువాదంలో చదివి స్వరం గురించి రాయడం సబబేనా?

కొంతవరకు. అక్షరాల మోత, యాస, పదాలతో ఆట అనువాదంలో మారిపోతాయి కాబట్టి వాటి మీద వాదన కట్టకండి. ఎవరు చెబుతున్నారు, ఏ వివరం ఏ క్షణంలో చెప్పారు, ఏది దాచారు, ఎక్కడ ఆపారు అన్నవి ఏ భాషలోకి వెళ్లినా చాలావరకు నిలుస్తాయి. రెండు అనువాదాలు దొరికితే ముగింపు పేరా రెండిట్లోనూ చదివి చూడండి. రెండిట్లోనూ ఒకేలా గుచ్చుకున్నదాన్ని ధైర్యంగా రాయొచ్చు. ఒకదాంట్లోనే ఉన్నది ఆ అనువాదకుడి చలవ కావచ్చు.